బస్తా ఎత్తే బలం

ఇసుక సంచి ఎత్తే మనిషి చేతుల్లోనే ఆకారం మార్చుకుంటుంది. ముప్పాతిక వంతు నింపిన గోనెసంచిని నడిమికి పట్టి లేపితే ఇసుక రెండు కొసలకూ జారి సంచి తిత్తిలా వేలాడుతుంది. రొమ్ము దాకా వచ్చేలోపు బరువు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఒరుగుతుంది. ఒరిగిన ప్రతిసారీ నడుము పక్క కండరాలు, పొట్ట గోడ, తుంటి, చివరికి కాలివేళ్లు కూడా కదిలి దాన్ని సర్దుకోవాలి. జిమ్‌లోని ఇనుప కడ్డీకి ఈ ఒరుగుడు లేదు. దాని నడిమి భాగం పిడికిలికి సరిపోయేంత సన్నగా ఉంటుంది, రెండు పక్కలా బిళ్లలు సమానంగా ఉంటాయి, పదిసార్లు ఎత్తినా పదిసార్లూ ఒకే దారిలో పైకి వస్తుంది. కడ్డీతో వంద కిలోలు లేపే యువకుడు కూడా 40 కిలోల వడ్ల బస్తా దగ్గర తడబడవచ్చు. అతనికి కండ ఉంది. ఆ కండలన్నీ ఒక్కసారిగా, ఒక్క పని కోసం కలిసి నడవడం ఇంకా అలవాటు కాలేదు.

పొలంలో, ఇంట్లో, పనిలో అక్కరకొచ్చే బలాన్ని వ్యాయామ శాస్త్రం విడిగా లెక్కిస్తుంది. దాన్ని పనికొచ్చే బలం అనవచ్చు. గ్యాస్ బండను మెట్లెక్కించడం, దూడను ట్రాలీలోకి ఎత్తడం, మంచాన పడ్డ ముసలమ్మను లేపి కూర్చోబెట్టడం, బురదలో దిగబడ్డ బండి చక్రాన్ని భుజంతో నెట్టడం, వీటిలో దేనిలోనూ బరువు ఒంటికి సమానంగా పంచుకుని రాదు. శరీరం ఏ పనిని సాధన చేస్తే ఆ పనికే అలవాటు పడుతుందన్నది ఈ శాస్త్రంలో మొదటి నియమం. కుర్చీలో కూర్చుని కాలితో బరువు నెట్టినవాడికి ఆ నెట్టుడు బాగా వస్తుంది, దూడను ఎత్తుడు రాదు. ఇసుక సంచి ఈ పనులన్నిటికీ దగ్గరి చుట్టం. దాని ఇబ్బందికరమైన ఆకారమే దాని ప్రయోజనం.

నల్లగొండ, పాలమూరు ప్రాంతాల్లో ఈ బలాన్ని చూడాలంటే జిమ్ దాకా పోనక్కర్లేదు. యాసంగి కోతలయ్యాక ఏ వడ్ల కొనుగోలు కేంద్రం దగ్గర నిలబడ్డా సరిపోతుంది.

కాంటా దగ్గర

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు మెట్ట చేలు వరి మడులయ్యాయి. వడ్ల వెంట రైసుమిల్లులు వచ్చాయి, మిల్లుల వెంట హమాలీలు వచ్చారు. బరువు మోసేవాడికి అరబ్బీలో ఉన్న హమ్మాల్ అన్న మాటే ఉర్దూ మీదుగా తెలంగాణ మార్కెట్ యార్డుల్లో హమాలీ అయింది. కల్లంలో రాసి పోసిన వడ్లు కాంటాకెక్కడం, లారీకెక్కడం, మిల్లు దగ్గర దిగడం, బియ్యమై మళ్లీ గోదాముకెళ్లడం, ఈ దారి పొడుగునా గింజ మనిషి వీపు మీద నాలుగైదు సార్లు ప్రయాణిస్తుంది.

కొనుగోలు కేంద్రంలో బస్తాకు 40 కిలోలు తూస్తారు. మూతి కుట్టిన బస్తాకు పై మూలలు రెండూ చెవుల్లా నిలుస్తాయి. ఇద్దరు చెరో పక్క నిలబడి ఒక చేత్తో చెవిని, ఒక చేత్తో కింది మూలను పట్టుకుంటారు. మోసేవాడు వాళ్లకు వీపు తిప్పి, మోకాళ్లు కొద్దిగా మడిచి, తల వంచి నిలబడతాడు. 'ఊఁ' అన్న ఒక్క ఊపుకు బస్తా లేచి అతని మెడ కింద, భుజాల రెక్కల మీద వాలుతుంది. వాలే క్షణంలో అతను రెండంగుళాలు కుంగుతాడు, చేతులు వెనక్కి వెళ్లి చెవులు అందుకుంటాయి, అప్పటికే మొదటి అడుగు పడి ఉంటుంది.

ఈ రెండు మూడు సెకన్లలో ఎంతో విజ్ఞానం ఉంది. నేల మీంచి నడుము ఎత్తు దాకా లేపడం వెన్నుకు అన్నిటికన్నా కష్టమైన ఘట్టం. దాన్ని ఇద్దరు పంచుకున్నారు. బస్తా పడేటప్పుడు మోకాళ్లు కుంగడం వల్ల దెబ్బ ఒక్కసారిగా తగలకుండా కొద్ది సేపటికి పరుచుకుంది. పైనుంచి విసిరిన కొబ్బరికాయను పట్టేవాడు చేతులు కిందికి తీసుకోవడం కూడా ఇందుకే. బరువు వెన్నెముకకు అతి దగ్గరగా, దాదాపు దాని మీదే కూర్చుంది. ఏ భౌతికశాస్త్ర పుస్తకమూ తెరవకుండా, తరాల అనుభవంతో చేరుకున్న పద్ధతి ఇది. బరువులెత్తే విద్య గురించి రాసే ఎవరైనా మొదట నమస్కారం పెట్టవలసింది ఈ ముఠాలకే.

ఇదే నేల మీద మరో మోతబడి ఉంది. వర్షాధారపు చెలకలు, తరచూ కరువు, ఈ రెండూ కలిసి పాలమూరు అని పిలిచే ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి లక్షలమందిని మట్టిపనికి పంపాయి. దేశంలో ఎక్కడ ఆనకట్ట కడుతున్నా, ఎక్కడ కాలువ తవ్వుతున్నా పాలమూరు లేబర్ అన్న మాట వినబడేది. గుంపు మేస్త్రీ ఇచ్చిన ముందస్తు అప్పుకు కట్టుబడి కుటుంబాలకు కుటుంబాలే వెళ్లేవి. మగవాళ్లు గడ్డపారతో తవ్వితే ఆడవాళ్లు తట్టల్లో మట్టి నెత్తిన మోసేవాళ్లు. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ప్రధానంగా రాతికట్టు ఆనకట్ట. 124 మీటర్ల ఎత్తున నిలిచిన ఆ గోడలో రాయీ సున్నమూ సిమెంటూ చాలావరకు మనుషుల నెత్తిమీదుగానే పైకెక్కాయి.

బతుకు కోసం మోయడం ఒకటైతే, బలం కోసం, పందెం కోసం ఎత్తడం వేరొకటి. నైజాం నేలలో పహిల్వాన్ల తాలీంలు ఉండేవి. సంగిడీలు తిప్పడం, గుండు ఎత్తడం ఊళ్లలో కుర్రకారుకు తెలిసిన విద్యలు. కృష్ణ దాటి రాయచూరు వైపు వెళితే కన్నడ పల్లెల జాతరల్లో ఇసుక సంచి ఎత్తే పోటీలు నేటికీ జరుగుతాయి. పెద్ద సంచికి ఎదురుగా నిలబడి, కౌగిలించి, మోకాళ్ల మీదికి తెచ్చుకుని, అక్కణ్ణుంచి ఒక్క తోపుతో భుజం మీదికి ఎగదోయాలి. ఈ కాలపు వ్యాయామ శిక్షకులు నేర్పే 'భుజానికెత్తుడు' వరస కూడా అచ్చంగా ఇదే.

నడుము లెక్క

బరువు ఎత్తేటప్పుడు నడుములో జరిగేదాన్ని ఏతం పోలికతో చూడవచ్చు. నడుము అడుగున రెండు వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్లను ఇరుసనుకోవాలి. ముందు పక్క బస్తా వేలాడుతోంది. వెనక పక్క వెన్ను పొడుగునా సాగే కండరాలు దాన్ని లాగి నిలబెట్టాలి. చిక్కేమిటంటే వెనక పక్క ఏతం కొయ్య మరీ పొట్టిది. ఇరుసు నుంచి ఆ కండరాల దూరం సుమారు 5 సెంటీమీటర్లే.

40 కిలోల బస్తాను ఇరుసుకు 50 సెంటీమీటర్ల ముందు, చేతులు చాచి పట్టుకుంటే దూరం పది రెట్లు. కండరాలు 400 కిలోల బరువుతో సమానమైన లాగుడు లాగాలి. అదే బస్తాను పొట్టకు హత్తుకుని, దాని నడిమి భాగం ఇరుసుకు 20 సెంటీమీటర్ల దూరంలో ఉండేలా పట్టుకుంటే నాలుగు రెట్లు, అంటే 160 కిలోలు. బస్తా అదే, మనిషి అదే, నేల అదే. ముప్పై సెంటీమీటర్ల తేడా నడుము మీద 240 కిలోల తేడా అయింది. వీటికి తోడు బస్తా సొంత బరువూ, ముందుకు వంగిన పైశరీరం బరువూ అదే బిళ్ల మీద పడతాయి. అమెరికాలో వృత్తి ఆరోగ్యాన్ని పరిశీలించే నియోష్ సంస్థ నడుము బిళ్ల మీద ఒత్తిడికి పెట్టుకున్న హద్దు 3,400 న్యూటన్లు, అంటే దాదాపు 350 కిలోల బరువు. చేతులు చాచి ఎత్తిన బస్తా ఒక్క ఎత్తుకే ఆ హద్దు దాటిస్తుంది.

బరువు కౌగిలిలో ఉండాలని పెద్దలు చెప్పే మాటకు ఆధారం ఈ లెక్కే. ఇసుక సంచికున్న గొప్ప సుగుణం కూడా ఇక్కడే బయటపడుతుంది. ఇనుప కడ్డీని ఒంటికి హత్తుకోవడం కుదరదు. సంచి మెత్తగా ఉండి పొట్టకు, రొమ్ముకు అతుక్కుంటుంది.

వంగడంలోనూ రెండు రకాలున్నాయి. నడుము దగ్గర విల్లులా వంగడం ఒకటి, తుంటి దగ్గర తలుపు బందులా మడవడం ఒకటి. రెండో దానిలో వెన్ను నిటారుగానే ఉంటుంది, పిరుదులు వెనక్కి పోతాయి, బరువు పిరుదుల మీద, తొడల వెనక కండరాల మీద పడుతుంది. ఒంట్లో అన్నిటికన్నా పెద్ద కండరం పిరుదులదే. రోజంతా కుర్చీకి అంటుకుపోయిన మనిషి దాన్ని వాడటం మరచిపోయి, దాని పనిని కూడా నడుముకే అప్పగిస్తాడు. నాట్లు వేసే ఆడవాళ్లను పక్క నుంచి చూస్తే ఈ తేడా తెలుస్తుంది. అనుభవం ఉన్నవాళ్లు తుంటి దగ్గర మడతపడి ఉంటారు, వీపు బల్లలా ఉంటుంది.

ఊపిరి, పట్టు, నరాలు

హమాలీ బస్తా అందుకునే ముందు 'ఊఁ' అనడం సైగ మాత్రమే కాదు. లోపలికి ఊపిరి తీసి బిగబట్టినప్పుడు పైన ఉదరవితానం, చుట్టూ పొట్ట కండరాలు, అడుగున కటి కండరాలు కలిసి పొట్టను గాలి కొట్టిన ట్యూబులా బిగువెక్కిస్తాయి. ఆ బిగువు వెన్నెముకకు ముందు నుంచి ఊతమిస్తుంది. హమాలీలు నడుముకు తువ్వాలు బిగించి కట్టుకోవడంలోనూ ఈ ఊతం కొంత ఉంది. ఊపిరి బిగబట్టడం వల్ల రక్తపోటు క్షణంపాటు బాగా పైకెగురుతుంది. ఆరోగ్యవంతుడికి అది చెరుపు చేయదు. రక్తపోటు, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవాళ్లకు మాత్రం ప్రమాదమే. సాధనలో ఎత్తే క్షణంలో బిగబట్టి, కష్టమైన భాగం దాటగానే 'హుష్' మని వదలడం మంచి అలవాటు.

సంచికి పిడి లేదు గనుక గుడ్డనే పిడికిట గుంజి పట్టుకోవాలి. ముంజేతి కండరాలు వేళ్లను మూసి ఉంచడానికి పడే పాటు ఇక్కడ ఎక్కువ. మొదటి వారం సంచి ఎత్తినవాడికి తొడలకన్నా ముందు ముంజేతులు సలపడం మామూలే.

మొదటి నెలలో బలం పెరిగినా కండ పెరిగినట్టు కనబడదు. దీనికి కారణం నరాలలో ఉంది. ప్రతి కండరమూ వేల పోగుల కట్ట. ఒక్కో నరం కొన్ని పోగులను అదుపు చేస్తుంది. తేలిక పనికి చిన్న నరాలు, చిన్న పోగులు ముందు కదులుతాయి. బరువు పెరిగేకొద్దీ పెద్దవి రంగంలోకి దిగుతాయి. ఈ క్రమాన్ని అమెరికన్ శాస్త్రవేత్త ఎల్వుడ్ హెనెమన్ 1950ల, 60ల పరిశోధనల్లో తేల్చాడు. సాధన లేని మనిషి తన పెద్ద పోగులన్నిటినీ ఒక్కసారిగా పిలవలేడు. పైగా కొన్ని కండరాలు ఒకదానికొకటి ఎదురు లాగుతుంటాయి. 1979లో మొరిటానీ, డెవ్రీస్ అనే ఇద్దరు పరిశోధకులు కండరాల విద్యుత్ సంకేతాలు కొలిచి, తొలి వారాల్లో పెరిగిన బలంలో ఎక్కువ వాటా నరాలు నేర్చుకున్నదేననీ, కండ లావెక్కడం ఆ తర్వాతనేననీ చూపారు. ఒరిగే సంచి ఈ నేర్పుకు మంచి బడి. ప్రతి ఎత్తూ కొద్దిగా వేరుగా ఉంటుంది గనుక నరాలు ఒక్క దారిని బట్టీ పట్టడానికి వీల్లేదు.

కండరాన్ని ఎముకకు కట్టే స్నాయువులు మాత్రం నిదానం. వాటికి రక్తప్రసారం తక్కువ, గట్టిపడటానికి నెలలు పడుతుంది. రెండు నెలల్లో బలం వచ్చిందని బరువు రెట్టింపు చేసినవాడికి భుజం నొప్పి, మోచేతి నొప్పి పట్టుకోవడానికి కారణం ఈ తేడాయే. కండ సిద్ధంగా ఉంది, తాడు ఇంకా పేనలేదు.

మోసి నడవడం

ఎత్తడం క్షణం పని. మోసుకుని నడవడం మరో విద్య. 1971లో దత్తా, రామనాథన్ అనే భారతీయ పరిశోధకులు 30 కిలోల బరువును ఏడు రకాలుగా మోయించి, మోసేవాళ్లు ఎంత ప్రాణవాయువు ఖర్చు పెడుతున్నారో కొలిచారు. బరువును ముందూ వెనకా సమానంగా పంచుకుని మోస్తే ఖర్చు అన్నిటికన్నా తక్కువ. నెత్తిన పెట్టుకోవడం దానికి కొద్ది దూరంలోనే నిలిచింది. చేతులకు వేలాడదీసుకుని మోయడం అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు. వాళ్లు పరీక్షించిన పద్ధతుల్లో బియ్యం బస్తాను వీపున వేసుకునే హమాలీ పద్ధతి కూడా ఉంది. అది ఈ రెండు కొసల నడుమ నిలిచింది.

నెత్తి మోతపై మరింత ఆశ్చర్యకరమైన సంగతి 1986లో నేచర్ పత్రికలో వచ్చింది. తూర్పు ఆఫ్రికాలోని లువో స్త్రీలు నెత్తిన, కికుయు స్త్రీలు నుదుటి పట్టీతో తమ ఒంటి బరువులో అయిదో వంతు దాకా మోసినా ఖాళీగా నడిచినప్పటికన్నా ఎక్కువ శక్తి ఖర్చు కాలేదు. చిన్ననాటి నుంచి మోసి మోసి వాళ్ల నడక లోలకంలా, వృథా తక్కువగా మారిందని తర్వాతి పరిశోధన వివరించింది. 2005లో సైన్స్ పత్రికలో నేపాల్ కూలీల లెక్కలు వచ్చాయి. అక్కడి మగవాళ్లు సగటున తమ ఒంటి బరువులో 93 శాతం, ఆడవాళ్లు 66 శాతం మోస్తూ కొండలెక్కుతారు. చుట్టబట్ట మీద తట్ట పెట్టుకుని చేతులు వదిలేసి నడిచే పాలమూరు ఆడకూలీని ఈ తరహా యంత్రాలతో కొలిచి ఉంటే శాస్త్రానికి మంచి సమాచారం దక్కేది. మెడ కదలదు, భుజాలు కదలవు, కదలికంతా తుంటి కిందే ఉంటుంది.

సాధనలో శక్తి ఆదా చేయడం గురి కాదు కాబట్టి ఈ లెక్కలు తలకిందులుగా ఉపయోగపడతాయి. సంచిని ముందు కౌగిలించుకుని నడిస్తే ఊపిరితిత్తుల మీద ఒత్తిడి పడి ఆయాసం త్వరగా వస్తుంది, వీపు పైభాగం గట్టిపడుతుంది. ఒక్క భుజం మీదే వేసుకుని నడిస్తే రెండో పక్క నడుము కండరాలు శరీరం ఒరగకుండా ఆపాలి. నూరు అడుగులకు ఒకసారి భుజం మార్చుకోవాలి.

ఎంత బరువు, ఎన్నిసార్లు

ఇక్కడ ఒక ప్రశ్న తప్పదు. బస్తా ఎత్తడం నడుముకు ఇంత మేలైతే హమాలీలకు నడుము నొప్పి ఎందుకు?

జవాబు మోతాదులో ఉంది. ఒక మనిషి రోజుకు 200 బస్తాలు మోస్తే 8 టన్నులు అతని వీపు మీదుగా పోయినట్టు. సీజన్‌లో లారీ వచ్చిన వేళే పని, అర్ధరాత్రయినా సరే. కూలి బస్తా లెక్కన కాబట్టి ఆగితే నష్టం. నడుము నొప్పిగా ఉందని ఆ రోజు చిన్న బస్తా ఎంచుకునే వీలు లేదు. సాధన చేసినప్పుడు కండరంలో, స్నాయువులో, ఎముకలో కంటికి కనబడని చిరుగులు పడతాయి. విశ్రాంతిలో ఆ చిరుగులు మానుతూ మునుపటికన్నా గట్టిపడతాయి. బలం పెరిగేది ఎత్తేటప్పుడు కాదు, ఎత్తిన తర్వాతి రాత్రుల్లో. రాత్రి దొరకని మనిషికి చిరుగు మీద చిరుగు పడుతుంది. వెన్ను బిళ్లకు పెద్దవయసులో రక్తనాళాలు దాదాపు ఉండవు, అది మానడం మరీ నెమ్మది.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో చేసిన సిఫారసు ప్రకారం వయోజన పురుషుడు మోయవలసిన బరువు 55 కిలోలు మించకూడదు. నియోష్ 1991 సూత్రం ఇంకా కఠినం. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడే 23 కిలోలు, బరువు దూరం జరిగినా, నడుము తిప్పవలసి వచ్చినా, పదేపదే ఎత్తినా ఆ అంకె తగ్గుతూ పోతుంది. మన దేశంలో 1948 నాటి కర్మాగారాల చట్టం 34వ సెక్షన్ గాయం చేసేంత బరువును ఏ కార్మికుడి చేతా ఎత్తించకూడదని చెప్పింది. సాధన చేసేవాడు మోసే 20 కిలోల సంచినీ హమాలీ మోసే 40 కిలోల బస్తానూ ఒకే గాటన కట్టడం అన్యాయం. మొదటివాడు పన్నెండుసార్లు ఎత్తి ఇంటికి పోయి అన్నం తిని పడుకుంటాడు.

సంచి తయారీ

పొడి ఇసుక లీటరుకు సుమారు 1.6 కిలోలు తూగుతుంది. వడ్లు లీటరుకు అర కిలో పైచిలుకు. అందువల్ల 40 కిలోల వడ్ల బస్తా సుమారు 70 లీటర్ల జాగా తీసుకుంటే, అంతే బరువున్న ఇసుక 25 లీటర్లలో ఒదిగిపోతుంది. 50 కిలోల సిమెంటు సంచి 35 లీటర్లు. ఎత్తేవాడికి ఈ తేడా ముఖ్యం. చిన్న సంచి ఒంటికి దగ్గరగా వస్తుంది, సులువు. పెద్ద సంచిలో అదే బరువు దూరం జరుగుతుంది, కౌగిలికి అందదు.

బరువు తక్కువగా, సైజు బస్తాలా ఉండాలనుకుంటే మిల్లుల నేలలోనే ఉపాయం ఉంది. ఊక లీటరుకు వంద గ్రాములకు కాస్త ఎక్కువ. 20 కిలోల ఇసుకను చిన్న మూటలుగా కట్టి గోనెసంచి నడుమ పెట్టి, చుట్టూ ఊక కూరితే సుమారు 26 కిలోల సంచి వడ్ల బస్తా అంత లావుగా తయారవుతుంది. మొదలుపెట్టేవాళ్లకు, ఆడవాళ్లకు ఇసుక ఇంకా తగ్గించుకోవచ్చు.

మామూలు సంచికి ఖాళీ యూరియా సంచి సరిపోతుంది. దాన్ని రెండు మూడుసార్లు కడిగి ఆరబెట్టాలి. ఇసుకను జల్లెడ పట్టి, నీళ్లలో కడిగి, బాగా ఎండబెట్టాలి. కడగని ఇసుకలోని సన్నటి దుమ్ము ప్రతి విసురుకూ ముక్కులోకి పోతుంది, అందులోని సిలికా ఊపిరితిత్తులకు చేటు. ఎండిన ఇసుకను నాలుగైదు కిలోల చొప్పున మందపాటి పాలిథిన్ సంచుల్లో సగం ఖాళీ ఉంచి కట్టి, వాటిని యూరియా సంచిలో పెట్టి, ఆ సంచిని టార్పాలిన్ గుడ్డతో కుట్టిన పై సంచిలో పెట్టాలి. మూటలు పెంచుతూ, తీస్తూ బరువు మార్చుకోవచ్చు. సంచి నిండుగా కూరితే దిమ్మలా బిగుసుకుపోయి జారుడు పోతుంది. మూడో వంతు ఖాళీ ఉంచాలి.

సాధన

మొదటి సంచి ఒంటి బరువులో అయిదో వంతు ఉంటే చాలు. 60 కిలోల మనిషికి 12 కిలోలు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. నిద్ర లేచిన వెంటనే ఎత్తకూడదు. రాత్రంతా పడుకున్న మనిషి వెన్ను బిళ్లలు నీళ్లు పీల్చి ఉబ్బి ఉంటాయి, ఆ బిగువులో వంగితే వాటి మీద ఒత్తిడి ఎక్కువ. లేచాక గంట సేపు తిరిగి, ఖాళీ చేతులతో పది పదిహేను బస్కీలు తీసి, ఒళ్లు వెచ్చబడ్డాక మొదలుపెట్టాలి.

మొదటి రెండు వారాలు తుంటి మడత ఒక్కటే నేర్చుకోవాలి. సంచిని రెండు పాదాల మధ్య పెట్టి, పిరుదులు వెనక్కి తోసి, వీపు బల్లలా ఉంచి, గుడ్డను పిడికిట గుంజి, సంచిని కాళ్లకు రాచుకుంటూ నిలబడాలి. అయిదుసార్లు లేపి రెండు నిమిషాలు ఆగాలి. ఇలా మూడు విడతలు. వీపు గుండ్రంగా వంగుతోందేమో పక్కనున్నవాళ్లను చూడమనాలి, మనకు మనం తెలుసుకోవడం కష్టం.

తర్వాత కౌగిలి బస్కీలు. సంచిని రొమ్ముకు హత్తుకుని, మోచేతులు మోకాళ్ల లోపలి వైపు తగిలేదాకా కూర్చుని లేవాలి. కూర్చునే మరుగుదొడ్డి అలవాటున్న తరానికి ఈ కూర్చోవడం కొత్తకాదు. కమోడ్ తరానికి మడమలు లేచిపోతాయి, వాళ్లు మడమల కింద సన్నటి చెక్క పెట్టుకుని మొదలుపెట్టవచ్చు.

భుజానికెత్తుడు చివర నేర్చుకోవలసినది, అన్నిటికన్నా సంపూర్ణమైనదీ ఇదే. సంచిని నేల మీంచి తొడల మీదికి తెచ్చి, సగం కూర్చున్న భంగిమలో ఒడిలో పెట్టుకోవాలి. చేతులు సంచి కిందికి పోనిచ్చి కౌగిలించాలి. ఊపిరి బిగించి తుంటిని ఒక్కసారి ముందుకు తోస్తే సంచి పైకెగురుతుంది, అది ఎగిరిన క్షణంలోనే భుజాన్ని దాని కిందికి చేర్చాలి. చేతులతో లాగినవాడు అలసిపోతాడు, తుంటితో తోసినవాడికి సంచి తేలిగ్గా వస్తుంది. దించేటప్పుడు మళ్లీ ఒడిలోకి, ఒడి నుంచి నేల మీదికి. ఎత్తేటప్పటికన్నా దించేటప్పుడే ఎక్కువమంది నడుము పట్టేయించుకుంటారు, పని అయిపోయిందని ఒళ్లు వదిలేస్తారు గనుక.

సంచితో నడవడం సాధన చేసిన ప్రతి రోజూ చివర పెట్టుకోవాలి. ఇంటి ముందు ముప్పై అడుగులు పోయి రావడంతో మొదలుపెట్టవచ్చు. ఒకే బరువుతో రెండు వారాలు హాయిగా చేయగలిగితే కిలో, కిలోన్నర కలపాలి. అరవై దాటినవాళ్లకు నాలుగైదు కిలోల సంచి కౌగిలించుకుని కుర్చీలోంచి లేచి కూర్చోవడమే మంచి సాధన. పడిపోకుండా ఉండటానికి ఆ వయసులో కావలసింది తొడల బలమే.

ఎముక, ఫ్లోరైడ్, ఎండ

బరువు పడ్డ ఎముక గట్టిపడుతుంది. పడిన ఒత్తిడిని బట్టి ఎముక తన లోపలి అల్లికను మార్చుకుంటుందని జర్మన్ వైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో ప్రతిపాదించాడు. ముట్లు ఆగిన తర్వాత ఎముకలు పలచబడే స్త్రీలకు బరువులతో వ్యాయామం సూచించడం ఈ ఆధారంతోనే.

నల్లగొండ నేలలో ఈ నియమానికి పెద్ద మినహాయింపు చెప్పుకోవాలి. ఈ ప్రాంతపు గ్రానైటు రాళ్లలోంచి భూగర్భజలంలోకి ఫ్లోరైడ్ దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. మర్రిగూడ, మునుగోడు వైపు బోరునీళ్లు తరాలపాటు ఆ హద్దు దాటి తాగవలసి వచ్చింది. ఏళ్ల తరబడి ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ ఎముకను దట్టం చేస్తుంది, ఎక్స్‌రేలో తెల్లగా, చిక్కగా కనబడుతుంది. ఆ దట్టం బలం కాదు, పెళుసుదనం. వెన్నుపూసలను కట్టే నారలు కూడా సున్నం పట్టి బిగుసుకుంటాయి. జబ్బు ముదిరినవాళ్లు పక్కకు చూడాలంటే మెడ తిప్పలేక ఒళ్లంతా తిప్పుతారు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఫ్లోరోసిస్ ఉన్న ప్రాంతంలో పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని వివరించారు. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడ్‌ను పేరుకునేలా చేసే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ పెట్టిన పేరే నల్లగొండ పద్ధతి. ఒక జిల్లా పేరు ప్రపంచ శాస్త్రగ్రంథాల్లోకి వెళ్లిన దారి ఇది. దాని వెనక వంగిన వెన్నులు ఎన్నో ఉన్నాయి.

కాబట్టి బోరునీళ్లు తాగి పెరిగి, నడుము, మెడ, మోకీళ్లు బిగుసుకున్నట్టు అనిపించేవాళ్లు సంచి జోలికి పోకముందే వైద్యుణ్ణి చూడాలి. మెడ వంచి గడ్డాన్ని రొమ్ముకు ఆనించలేకపోవడం, మోకాళ్లు మడవకుండా పాదాల వేళ్లను తాకలేకపోవడం, తల వెనక చేతులు కలపలేకపోవడం వైద్యులు గమనించే గుర్తులు. వెన్ను కదలిక పోయిన మనిషికి బస్తా మేలు చేయదు. గర్భిణులు, ఈమధ్యే పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు, కాళ్లలోకి తిమ్మిరి పాకే నడుము నొప్పి ఉన్నవాళ్లు కూడా దూరంగా ఉండాలి.

ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. కండరాలు పనిచేసేటప్పుడు ఖర్చయిన శక్తిలో ముప్పాతిక వంతు వేడిగానే పోతుంది, ఆ వేడిని చెమట తీసుకుపోవాలి. గాలే ఒంటికన్నా వేడిగా ఉన్నప్పుడు చెమట తప్ప వేరే దారి లేదు. సాధన పొద్దున ఎనిమిది లోపు లేదా పొద్దుగూకాక పెట్టుకుని, ఉప్పు వేసిన మజ్జిగో, గంజో తాగాలి. తల తిరిగితే, చెమట ఆగిపోతే సంచి వదిలి నీడకు రావాలి.

వానలు మొదలయ్యాక జాగ్రత్త సంచికి. వాకిట్లో వదిలేసిన సంచి తడిసి, లోపలి మూటలకు చిల్లులుంటే ఇసుక రేణువుల సందుల్లో నీళ్లు నిండుతాయి. నిన్న 20 కిలోలున్నది ఇవాళ 24 కావచ్చు, పైగా తడి సంచి చేతుల్లోంచి జారుతుంది. ఎండకు పెళుసెక్కిన యూరియా సంచి కుట్లు ఎత్తు మధ్యలోనే విడిపోతాయి. వానాకాలం మొదట్లో ఒకసారి సంచి విప్పి, ఇసుక ఆరబోసి, కొత్త సంచిలోకి మార్చి, కాంటా పెట్టి చూసుకుని మళ్లీ కుట్టాలి.